పీటముడి

పాఠ్యభాగ పరిచయం

వ్యాసప్రక్రియకు చెందిన ఈ పాఠం ఒక ఆధునిక శాస్త్రవిషయాన్ని వస్తువుగా గ్రహించింది. కంప్యూటరులో ధ్వనిని నడిపించే వ్యవస్థలో 2022వ సంవత్సరంలో బయటపడిన ఒక దోషాన్ని, దానిని సరిదిద్దిన తీరును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. సాంకేతిక పరిజ్ఞానం లేని పాఠకునికి సైతం విషయం బోధపడాలన్న తలంపుతో రచయిత తమ వీధిలో జరిగిన ఒక సంఘటనతో పాఠాన్ని ప్రారంభించారు.

పాఠ్యాంశం

సంతోష్‌నగర్‌లో మేము నివసించే గల్లీ చాలా ఇరుకైనది. ఒక పెద్ద బండి లోనికి వస్తే పక్కనుంచి సైకిలు కూడా పోవడం కష్టం. ఒక వేసవి సాయంకాలం ఐ.ఎస్. సదన్ చౌరస్తా వైపు కొస నుంచి నీళ్ళ ట్యాంకరు, రెండవ కొస నుంచి పెళ్ళివారి కుర్చీలు, షామియానా గుంజలు మోసుకొస్తున్న మినీలారీ ఒకేసారి గల్లీలో ప్రవేశించాయి. సరిగ్గా మా ఇంటి ముందర రెండూ ముఖాముఖి నిలిచాయి. “వెనక్కి తీయి భాయ్” అన్నాడు ఒక డ్రైవరు. “నువ్వే తీయి” అన్నాడు రెండవవాడు. ఈ మాటలు ముగిసేలోపే ట్యాంకరు వెనుక రెండు ఆటోలు, లారీ వెనుక నాలుగైదు స్కూటర్లు వచ్చి చేరాయి. ఇక వెనక్కి తీయాలన్నా తీయలేని స్థితి ఏర్పడింది.

ఇందులో తప్పు ఎవరిది? ట్యాంకరు వచ్చినప్పుడు దారి ఖాళీగానే ఉంది. లారీ వచ్చినప్పుడూ ఖాళీగానే ఉంది. గల్లీలో సగభాగం ఒకరి అధీనంలో ఉంది, రెండవ సగం మరొకరి అధీనంలో ఉంది. ముందుకు సాగాలంటే ఒకరి అధీనంలోని సగం మరొకరికి కావాలి. తనది వదులుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. గంటన్నర తరువాత చివరి స్కూటరు మొదలుకొని ఒక్కొక్కటే వెనక్కి నెట్టించి దారి చేశారు గాని, ఆ రాత్రి గల్లీలో సగం ఇళ్ళవారి డ్రమ్ములు నిండనే లేదు.

ఈ వృత్తాంతాన్ని సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి చెప్పగా, “నాన్నగారూ, దీన్నే మేము డెడ్‌లాక్ అంటాం. కంప్యూటర్లో పాట వినిపించేచోట కూడా ఇలాంటిదే జరిగింది” అన్నాడు. ప్రాచీన కావ్యాలు తప్ప వేరొకటి ఎరుగని నాకు అతడు నాలుగైదు రాత్రులు ఓపికగా చెప్పిన విషయమే ఈ పాఠం.

ముందుగా మాట సంగతి చూద్దాం. డెడ్‌లాక్ అన్నదానికి పత్రికలు ‘ప్రతిష్టంభన’ అని రాస్తాయి. ‘ప్రతి’ అనే ఉపసర్గలోని ఇకారం వల్ల ‘స్తంభన’లోని సకారం షకారమైంది, దానిని అనుసరించి తకారం టకారమైంది. దీనిని ఒత్తు ఠకారంతో రాసే అలవాటు మన విద్యార్థులలో పాతుకుపోయింది గాని, అది సరికాదు. నాకు మాత్రం తెలుగు మాట ‘పీటముడి’ దీనికి ఎక్కువ తగినదిగా తోస్తుంది. అది లాగినకొద్దీ బిగిసే ముడి. రెండు కొసలూ తమ తమ వైపుకు లాగడమే దాని బలం. హాలెండు దేశపు శాస్త్రవేత్త ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా 1965లో ఈ స్థితిని మృత్యుకౌగిలి అనే అర్థం వచ్చే మాటతో వ్యవహరించాడు. మనవారికి వెంటనే ధృతరాష్ట్ర కౌగిలి గుర్తుకు వస్తుంది. కాని అక్కడ కౌగిలించినవాడు క్షేమంగా ఉంటాడు, కౌగిట చిక్కినది పొడి అవుతుంది. ఇక్కడ ఇద్దరూ కదలలేరు.

గజేంద్రమోక్షణ ఘట్టం కూడా స్ఫురించకపోదు. గజం ఒడ్డుకు, మకరం మడుగులోకి లాగుతుంటే పోరు ఏళ్ళ తరబడి సాగింది. చక్రాయుధం వచ్చి ముడి తెంచింది. కంప్యూటరు బిగుసుకుపోయినప్పుడు మనం మీట నొక్కి దానిని ఆర్పి వెలిగించడం ఆ చక్రాయుధంవంటిదే. అయితే మా అబ్బాయి ఒక భేదం చూపాడు. గజమకరాలు పెనుగులాడాయి, అలసిపోయాయి, బలాబలాలు మారాయి. కంప్యూటరులోని పీటముడిలో పెనుగులాట లేదు. రెండు పక్షాలూ నిద్రిస్తూ, రెండవవారు తాళం విడిచినప్పుడు మేల్కొందామని ఎదురుచూస్తాయి. ఆ నిద్రకు అంతం లేదు. ఈ భేదాన్ని అంగీకరించక తప్పలేదు.

ఇక అసలు విషయం. కంప్యూటరులో మనం చూసే బొమ్మలు, రాతలు, పాటలు అన్నింటికీ అడుగున కెర్నెల్ అనే భాగం ఉంటుంది. గింజలోపలి పప్పు అని ఆ మాటకు అర్థం. యంత్రభాగాలన్నింటిపై అధికారం దానిదే. లినక్స్ అనే కెర్నెల్‌ను ఫిన్లాండులో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించాడు. దాని మూలరచనను ఎవరైనా చదవవచ్చు, సవరణలు పంపవచ్చు. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటిలో ఉన్నది ఈ కెర్నెలే. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో పనిచేసే కంప్యూటరు వ్యవస్థను రూపొందించినది కూడా దీనిమీదనే.

ధ్వనియంత్రంతో మాట్లాడే కెర్నెల్ భాగాన్ని ఆడియో డ్రైవర్ అంటారు. లినక్స్‌లో ఈ పనికి మొదట ఓ.ఎస్.ఎస్. అనే పద్ధతి ఉండేది. తరువాత యారొస్లావ్ కిసేలా ప్రారంభించిన ఆల్సా అనే కొత్త పద్ధతి వచ్చింది. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 సంచిక నుంచి ఆల్సాదే ప్రధాన స్థానం. అయినా పాత పద్ధతికి అలవాటుపడిన ప్రోగ్రాములు ఆగిపోరాదని, ఆల్సా లోపలే పాత పద్ధతిని అనుకరించే ఒక ద్వారాన్ని అట్టే ఉంచారు. కొత్త ఇల్లు కట్టినా తాతగారి కాలపు పెరటి వాకిలి మూయకుండా ఉంచినట్లు. ఈ వాకిలిని విద్యార్థులు జ్ఞాపకం ఉంచుకోవాలి. చిక్కంతా అక్కడినుంచే వచ్చింది.

పాట కంప్యూటరులో అంకెల వరుసగా ఉంటుంది. సీడీలో ఒక్క సెకను పాటకు, ఒక్కొక్క చెవికి, 44,100 అంకెలు. ప్రోగ్రాము వీటిని ఒక్కొక్కటే యంత్రానికి అందించజాలదు. కనుక మధ్యలో బఫర్ అనే నిల్వస్థానం ఉంటుంది. మన నగరంలో ఇంటింటా ఉండే సంపు వంటిది అది. నల్లా వచ్చినప్పుడు సంపు నింపుకుంటాం, మోటారు దానిని తన వేగంతో తోడుకుంటుంది. ప్రోగ్రాము బఫర్‌ను నింపుతుంది, యంత్రం తోడుకొని ధ్వనిగా మారుస్తుంది. సంపు ఎంత పెద్దది, నీరు ఎంత వేగంతో తోడాలి అనే కొలతలను ప్రోగ్రామే ముందుగా నిర్ణయిస్తుంది. అవసరమైతే సంపును పూడ్చి మరొకటి తవ్వించగలదు కూడా.

ఇక్కడే మొదటి దోషం ఉండేది. ఒకే ప్రోగ్రాములో రెండు పనులు ఏకకాలంలో సాగవచ్చు. ఒక పని సంపు కొలతలు మారుస్తుండగా, అదే క్షణంలో మరొక పని సంపును పూడ్పించమంటే? పూడ్చిన స్థలం వేరొకరికి కేటాయింపబడుతుంది. పాత చిరునామా పట్టుకున్న మొదటి పని అక్కడే తవ్వుతుంది. దుర్బుద్ధి గల వాడుకరి దీనిని ఆసరాగా తీసుకొని కంప్యూటరును కుప్పకూల్చవచ్చు, తనకు లేని అధికారాలను సంపాదించడానికి కూడా ప్రయత్నించవచ్చు. లోపాల జాబితాలో దీనికి సి.వి.ఇ. 2022-1048 అనే సంఖ్య ఇచ్చారు. లినక్స్ ధ్వనివిభాగాన్ని చిరకాలంగా నిర్వహిస్తున్న తకాషి ఇవాయ్ 2022 మార్చిలో దీనికి వరుసగా సవరణలు రచించారు. వాటి సారం సులభమైనదే. బఫర్‌కు ఒక తాళం ఏర్పరచారు. కొలతలు మార్చేవారు, పూడ్చేవారు, నింపేవారు, తోడేవారు ఎవరైనా ముందుగా ఆ తాళం తమ చేతికి తీసుకోవాలి. ఒకరి వద్ద ఉన్నంతసేపు రెండవవారు ఆగాలి.

కావ్యపరిష్కరణ చేసినవారికి తెలిసిన ఒక బాధ ఉంది. తాళపత్రంలోని పద్యంలో గణభంగం కనిపిస్తుంది. ఒక మాట మార్చి గణం సరిచేస్తాం. తీరా చూస్తే యతి తప్పి ఉంటుంది. ఇవాయ్‌కు కూడా అదే ఎదురైంది. సవరణ వెలువడిన కొద్దిరోజులకే, ఆ తాళమే పీటముడికి కారణం కాగలదని తేలింది.

ఆ ముడి ఎట్లా పడుతుందో కొంత నిదానంగా చూడాలి. పాఠంలో కష్టమైన భాగం ఇదే, కాబట్టి రెండుమార్లు చదివినా నష్టం లేదు. కెర్నెల్‌లో ప్రతి ప్రోగ్రాముకూ ఒక జ్ఞాపకపటం ఉంటుంది. ప్రోగ్రాముకు చెందిన సమాచారం యంత్రస్మృతిలో ఎక్కడెక్కడ ఉందో చెప్పే పటం అది. దానికి కూడా ఒక తాళం ఉంది. మన సౌలభ్యం కోసం మొదటిదాన్ని బఫర్ తాళం, రెండవదాన్ని పటం తాళం అందాం.

ప్రోగ్రాములో ఒక పని పాటను బఫర్‌లో నింపబోతుంది. సవరణ ప్రకారం బఫర్ తాళం చేతికి తీసుకుంటుంది. తరువాత పాట అంకెలను ప్రోగ్రాము స్మృతి నుంచి తీయాలి. ఆ భాగం ఒక్కొక్కప్పుడు స్మృతిలో సిద్ధంగా ఉండదు. అప్పుడు కెర్నెల్ పటం చూసి దానిని రప్పించాలి, అందుకు పటం తాళం కావాలి. అంటే ఈ పని మొదట బఫర్ తాళం, తరువాత పటం తాళం కోరుతుంది.

అదే ప్రోగ్రాములోని రెండవ పని పెరటి వాకిలి నుంచి, అంటే పాత ఓ.ఎస్.ఎస్. పద్ధతిలో వస్తుంది. బఫర్‌ను నేరుగా తన జ్ఞాపకపటంలో చేర్చమని అడుగుతుంది. పటంలో మార్పు గనుక కెర్నెల్ ముందుగానే పటం తాళం వేసి, ఆ తరువాత ధ్వనివిభాగాన్ని పిలుస్తుంది. పాత పద్ధతిలో ఒక విశేషం ఉంది. కొలతలు ముందుగా నిర్ణయించి ఉండకపోయినా చెల్లుతుంది, ఆ చివరి క్షణంలో నిర్ణయించుకోవచ్చు. కొలతలు నిర్ణయించాలంటే బఫర్ తాళం కావాలి. అంటే ఈ పని మొదట పటం తాళం, తరువాత బఫర్ తాళం కోరుతుంది.

మొదటిదాని చేతిలో బఫర్ తాళం ఉంది, పటం తాళం కోసం ఆగింది. రెండవదాని చేతిలో పటం తాళం ఉంది, బఫర్ తాళం కోసం ఆగింది. మా గల్లీలోని ట్యాంకరు, లారీ ఇవే.

ఇటువంటి స్థితికి నాలుగు లక్షణాలు ఉండాలని కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషానీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1971లో నిరూపించారు. వస్తువు ఒకసారి ఒకరికే చెందాలి. ఒకటి పట్టుకొని మరొకదానికోసం ఎదురుచూడాలి. పట్టుకున్నదానిని బలవంతంగా లాక్కొనే వీలు ఉండరాదు. ఎదురుచూపులు వలయంగా ఏర్పడాలి. నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా ముడి పడదు. మా గల్లీ సంఘటనకు వీటిని అన్వయించుకోవడం విద్యార్థులకే వదలుతున్నాను.

ముడి పడితే జరిగేదేమిటి? పాట ఆగిపోతుంది, అంతే కదా అని నేను అడిగాను. అంతే కాదట. ఆ ప్రోగ్రామును చంపమని ఆజ్ఞ ఇచ్చినా అది చావదు. కెర్నెల్‌లో ఈ విధమైన నిద్రలో ఉన్నదానికి ఏ ఆజ్ఞా చేరదు. ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూద్దామని పరిశీలన సాధనాన్ని తెరిస్తే, ఆ సాధనం కూడా ఈ ప్రోగ్రాము వివరాలకై పటం తాళం అడిగి అక్కడే ఆగిపోగలదు. మా గల్లీలో జగడం చూడవచ్చిన ఆటోలు తామే ఇరుక్కున్నట్లు. రెండు నిమిషాలు కదలిక లేకపోతే ఫలానా పని బిగుసుకున్నదని కెర్నెల్ తన దినచర్యలో రాసుకోగలదు గాని, విడిపించలేదు. పరుల రహస్యాలు దొంగిలించడానికి ఈ లోపం ఉపకరించదు. ఆ దృష్టితో చూస్తే ఇది మొదటిదానికన్నా చిన్నదే. కాని నలుగురూ వాడుకునే యంత్రంలో ఒకడు కావాలని ముడి వేస్తే, ధ్వనిని తక్కినవారికి అందకుండా చేయగలడు.

ధ్వని పోతే పోయేదేముంది అనుకునేవారు ఒక్కసారి చూపులేని విద్యార్థి పక్షాన ఆలోచించాలి. లినక్స్‌లో ఓర్కా అనే సాధనం తెరమీది రాతను చదివి వినిపిస్తుంది. తెలుగును ఉచ్చరించే ఈస్పీక్ వంటి ఉచిత స్వరాలు దానితో జతకూడుతాయి. మనకు తెర ఏదో అతనికి ధ్వని అదే. ధ్వని బిగుసుకుంటే యంత్రాన్ని ఆర్పివేయమని చెప్పే మాట కూడా అతనికి వినబడదు.

అదృష్టవశాత్తు ఈ ముడిని పట్టుకున్నది ఏ బాధితుడూ కాదు. గూగుల్ సంస్థ నడిపే సిజ్‌బాట్ అనే యంత్రపరీక్షకుడు. పగలు రాత్రి లేకుండా కెర్నెల్‌ను చిత్రవిచిత్రమైన కోరికలు కోరుతూ, ఎక్కడ తడబడుతుందో చూడడం దాని పని. దీనికి తోడుగా కెర్నెల్ లోపల ఇంగో మోల్నార్ 2006లో నెలకొల్పిన లాక్‌డెప్ అనే కాపలాదారు ఉన్నాడు. అతని తెలివి మెచ్చదగినది. ముడి పడేవరకు అతడు ఆగడు. ఎవరు ఏ తాళం తరువాత ఏ తాళం తీసుకున్నారో వరుస రాసుకుంటాడు. ఒకనాడు బఫర్ తరువాత పటం, మరొకనాడు పటం తరువాత బఫర్ అని తన చిట్టాలో కనబడితే చాలు, ఈ రెండూ ఒకే క్షణంలో కలిసినప్పుడు వలయం ఏర్పడగలదని హెచ్చరిస్తాడు. వేరువేరు రోజుల్లో రెండు బండ్లు ఎదురెదురు కొసల నుంచి రావడం చూసి, ఎప్పుడో ఒకనాడు ఇవి ఎదురుపడతాయని చెప్పగల వృద్ధుడు మా గల్లీలో ఉండి ఉంటే డ్రమ్ములు నిండేవి.

దీనికి పరిష్కారం అందరూ ఒకే వరుసలో తాళాలు తీసుకోవడమే కదా అని తోచవచ్చు. సాధారణంగా చేసేది అదే. గల్లీని ఒకే దిక్కుగా మార్చినట్లు. కాని ఇక్కడ అది కుదరలేదు. పటం తాళం వేసేది ధ్వనివిభాగం కాదు, స్మృతివిభాగం. ధ్వనివిభాగానికి పిలుపు వచ్చేసరికే ఆ తాళం పడి ఉంటుంది. పరుల ఇంటి ఆచారాన్ని మనం మార్చలేం.

కాబట్టి ఇవాయ్ 2022 మార్చి నెలాఖరున మరొక మార్గం చూపారు. నింపేవారికి, తోడేవారికి తాళం అవసరం లేకుండా చేసి, దాని స్థానంలో ఒక లెక్క పెట్టారు. బఫర్‌లోకి అంకెలు చేరవేసేవారు ప్రవేశించేటప్పుడు లెక్క ఒకటి పెరుగుతుంది, వెలుపలికి వచ్చేటప్పుడు ఒకటి తగ్గుతుంది. కొలతలు మార్చదలచినవారు వచ్చి లెక్క చూస్తారు. లోపల ఎవరైనా ఉంటే ఎదురుచూడరు, ‘పని జరుగుతున్నది’ అనే జవాబు తీసుకొని వెనుదిరుగుతారు. ఎవరూ లేకపోతే లెక్కను సున్నాకంటె తక్కువకు దించి తమ పని చేసుకుంటారు. అప్పుడు నింపడానికి వచ్చినవారు ఆ రుణసంఖ్యను చూసి అదే జవాబుతో మరలిపోతారు. ఒకటి పట్టుకొని మరొకదానికై ఎదురుచూడడం అన్న లక్షణమే లేకుండా పోయింది. ఇటువంటి చిక్కునే అంతకు కొన్నేళ్ళ ముందు పాత వాకిలి వద్ద ఇదే ఉపాయంతో తీర్చారు. కాని అది పాత పద్ధతివారు తమలో తాము ఢీకొనకుండా ఏర్పరచినది. కొత్త పద్ధతివారు, పాత పద్ధతివారు ఒకేసారి రాగలరన్నది అప్పటి లెక్కలో లేదు. ఆ మూలను తాను గమనించలేకపోయానని ఇవాయ్ సవరణతోపాటు ఇచ్చిన వివరణలోనే రాశారు. అటువంటి మూల అదొక్కటే అయి ఉంటుందన్న ఆశను కూడా అక్కడే కుండలీకరణంలో ఉంచారు. ఆ కుండలీకరణం నాకు ఎంతో నచ్చింది. పాఠాంతరాల పీఠికల్లో పండితులు అంత నిజాయితీగా రాయడం నేను అరుదుగా చూశాను.

ఎదురుచూడడం మాని తిరస్కరించడంలో కష్టం లేకపోలేదు. ‘పని జరుగుతున్నది’ అన్న జవాబును స్వీకరించి మళ్ళీ ప్రయత్నించే ఓర్పు ప్రోగ్రాము రాసినవారికి ఉండాలి. ఆ ఓర్పు లేని ప్రోగ్రాములో పాట మధ్యలో తెగవచ్చు. బిగుసుకుపోవడంకన్నా తెగడమే మేలని నిర్ణయం.

మా గల్లీ కొసన చాయ్ హోటలు నడిపే పెద్దాయన ఉన్నారు. వీధివారందరికీ ఆయన చాచా. ట్యాంకరు సంఘటన జరిగిన మరునాటి నుంచి పెద్ద బండి లోనికి పోగానే తన బల్లమీద ఒక ఖాళీ చాయ్ గ్లాసు బోర్లించేవారు. రెండవ బండి వస్తే గ్లాసు వైపు చూపి, “లోపల బండి ఉంది, చుట్టూ తిరిగి పో బేటా” అనేవారు. రెండవ కొసన ఆయన మనుమడు మరొక గ్లాసుతో కూర్చునేవాడు. ఇద్దరి మధ్య కబురు ఫోనులో నడిచేది. చుట్టూ తిరిగి పోవలసివచ్చిన డ్రైవర్లు గొణుక్కుంటూనే పోయేవారు.

అభ్యాసం

ఈ కింది ప్రశ్నలకు సంగ్రహంగా జవాబులు రాయండి: పీటముడికి, ధృతరాష్ట్ర కౌగిలికి రచయిత చూపిన భేదమేమిటి? బఫర్‌ను సంపుతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి. తాళాలను ఒకే వరుసలో తీసుకోవడం ఇక్కడ ఎందుకు సాధ్యపడలేదు?

సందర్భసహిత వ్యాఖ్య రాయండి: “పరుల ఇంటి ఆచారాన్ని మనం మార్చలేం.”

వ్యాసరూప ప్రశ్న: 1971లో చెప్పిన నాలుగు లక్షణాలను గల్లీ సంఘటనకు అన్వయించి, చాయ్ హోటలు పెద్దాయన ఏర్పాటు వాటిలో దేనిని తొలగించిందో చర్చించండి.

విడదీసి సంధి పేరు తెలపండి: ధర్మార్థం, గజేంద్ర, చక్రాయుధం, ప్రత్యేకం. వీటిలో పాఠంలో కనిపించేవి ఏవో గుర్తించండి.